అమ్మమ్మ పుట్టింటి పేరు

తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది, సొంతపేరు దాని తరువాత వస్తుంది. తమిళనాడులో పేరుకు ముందుండే పొడి అక్షరం సాధారణంగా తండ్రి పేరును సూచిస్తుంది కాబట్టి అది తరం మారగానే మారిపోతుంది; తెలుగునాట మొదటి పొడి అక్షరం వంశానికంతటికీ ఉమ్మడిగా ఉండే ఇంటిపేరును సూచిస్తుంది కాబట్టి అది ముత్తాత నుంచి మునిమనుమడి దాకా మారకుండా సాగుతుంది. ఎన్.టి. రామారావు పేరులోని మొదటి అక్షరం నందమూరి వారిది, పి.వి. నరసింహారావు పేరులోనిది పాములపర్తి వారిది, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పేరులోని రెండక్షరాలూ శ్రీపతి పండితారాధ్యుల అన్న ఒకే ఇంటిపేరుకు చెందినవి. ఇంత స్థిరంగా ఉండటం వల్లనే తరాల మధ్య సంబంధానికి ఇంటిపేరును మించిన ఆనవాలు లేదన్న భావన సమాజంలో బలపడింది.

అయితే ఆ ఆనవాలు తండ్రి నుంచి కొడుకుకు సాగే ఒక్క వరుసను మాత్రమే చెబుతుంది. పెళ్లితో స్త్రీ ఇంటిపేరు మారుతుంది కాబట్టి నాయనమ్మ పుట్టింటి పేరు ఆమె పిల్లల దగ్గరికే చేరదు; అమ్మమ్మ మెట్టినింటి పేరు ఆమె కూతురి పెళ్లితో ఆగిపోతే, ఆమె పుట్టింటి పేరు అంతకు ఒక తరం ముందే ఆగిపోయి ఉంటుంది. పేరులో ఇలా చోటు దక్కని ఈ ఇద్దరు స్త్రీలకు తెలుగు సమాజం బిడ్డకు పేరు పెట్టడంలో, పెళ్లి వరసల్లో, కాన్పులో, పితృకర్మలో గట్టి చోటే ఇచ్చింది. ఆ ఆచారాలన్నీ కలిసి ఇంటిపేరు చెప్పని రెండో వరుసను తరం నుంచి తరానికి అందించాయి. వాటిలో చాలా భాగం ఇప్పుడు సడలిపోతున్నందువల్ల ఆ రెండో వరుస ఎలా నిలిచిందో తెలుసుకోవలసిన అవసరం ఏర్పడింది.

ఇంటిపేరు చెప్పేది, చెప్పనిది

తెలుగు ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊరిపేర్ల నుంచి వచ్చినవే. ఊరిపేరు ఇంటిపేరుగా మారేటప్పుడు చాలా సందర్భాల్లో దాని చివర ఔపవిభక్తిక రూపం, అంటే మరో పదంతో కలిసేముందు నామవాచకం పొందే రూపం వస్తుంది: ఇల్లు ‘ఇంటి’ అయినట్లే కందుకూరు ‘కందుకూరి’, ఉప్పలపాడు ‘ఉప్పలపాటి’, అన్నవరం ‘అన్నవరపు’ అవుతాయి. బమ్మెర పోతన ఇంటిపేరులా ఏ మార్పూ లేకుండా ఊరిపేరే నిలిచిన సందర్భాలూ ఉన్నాయి. ఆ బమ్మెర ఇప్పటి జనగామ జిల్లాలోని గ్రామం. ఒక ఊళ్లో ఉన్నవారందరినీ ఆ ఊరిపేరుతోనే పిలిస్తే ఎవరు ఎవరో తెలియదు కాబట్టి, ఊరు విడిచి మరోచోట స్థిరపడినవారికే ఆ పేరు గుర్తుగా ఉపయోగపడి ఉంటుంది. ఆ లెక్కన ఊరిపేరుతో వచ్చిన ఇంటిపేరు ఒక పాత వలసకు సాక్ష్యం. కరణం, పూజారి వంటివి వృత్తుల నుంచి, చింతల, తుమ్మల, మల్లెల వంటివి చెట్టూచేమల నుంచి, పులి, ఏనుగు వంటివి జంతువుల నుంచి, ఉప్పు, పప్పు, గడియారం వంటివి నిత్యం వాడే వస్తువుల నుంచి వచ్చాయి. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణ భారత కులాల వివరణ గ్రంథంలో ఇటువంటి ఇంటిపేర్ల జాబితాలు కులంవారీగా కనిపిస్తాయి. ఊరిపేర్ల మీద, మనుషుల పేర్ల మీద శాస్త్రీయంగా సాగే అధ్యయనాన్ని నామవిజ్ఞానం అంటారు; తెలుగులో ఆ శాఖకు యార్లగడ్డ బాలగంగాధరరావు వంటి పరిశోధకులు పునాది వేశారు.

ఇంటిపేరుకు గుర్తింపు ఒక పని అయితే, పెళ్లి సంబంధాలకు హద్దు గీయడం మరో పని. ఒకే కులంలో ఒకే ఇంటిపేరు ఉన్నవారు అన్నదమ్ముల వరస అవుతారు కాబట్టి వారి మధ్య పెళ్లి కుదరదు. వైదిక గోత్రాల పట్టింపు అంతగా లేని అనేక కులాల్లో ఈ పనిని ఇంటిపేరే చేసింది. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో ఉండటం మామూలే గాని, ఆ రెండు కుటుంబాల పూర్వీకులు ఒకే ఊరివారై ఉండవచ్చునన్నదే దాని అర్థం, వారి మధ్య చుట్టరికం ఉందని కాదు. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పూర్వీకుల ఇంటిపేర్లు చాలావరకు అలాగే కొనసాగాయి; ఆంధ్ర ప్రాంతపు ముస్లింలలో షేక్, సయ్యద్, పఠాన్ వంటివి ఇంటిపేరు ఉండవలసిన చోట నిలిచాయి.

పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు మారే సందర్భాలు ముఖ్యంగా రెండు. మొదటిది దత్తత: పూడిపెద్ది వారి ఇంట పుట్టిన శ్రీనివాసరావు శ్రీరంగం వారికి దత్తత వెళ్లకపోయి ఉంటే తెలుగు కవిత్వంలో శ్రీశ్రీ అన్న సంతకమే ఉండేది కాదు. రెండోది పెళ్లి: మగవాడికి ఎప్పుడో గాని ఎదురుకాని ఇంటిపేరు మార్పు స్త్రీకి ఆ రూపంలో దాదాపు తప్పనిసరి అయింది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల జీవిత చరిత్రలను పుస్తకంగా తెచ్చిన బండారు అచ్చమాంబ, విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపకుల్లో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు ఒకే తల్లి బిడ్డలన్న సంగతి వారి పేర్లను బట్టి ఎవరికీ తెలియదు. స్త్రీల చరిత్ర మరుగునపడిపోతున్నదని గ్రహించి దానిని గ్రంథస్థం చేసిన రచయిత్రికి సొంత తోబుట్టువుతో ఉన్న సంబంధమే ఆమె పేరులో కనిపించదు.

శాసనాల్లో తల్లులు, నాయనమ్మలు

తెలుగు దేశాన్ని ఏలిన తొలి రాజవంశాల నాడు పరిస్థితి ఇందుకు కొంత భిన్నం. శాతవాహన రాజులు గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని తమ పేర్లకు ముందు తల్లి గుర్తును పెట్టుకున్నారు. గౌతమి అంటే గౌతమ గోత్రంలో పుట్టినది, వాసిష్ఠి అంటే వసిష్ఠ గోత్రంలో పుట్టినది. పెళ్లయిన స్త్రీ భర్త గోత్రంలో కలిసిపోతుందన్న తరువాతి కాలపు నియమానికి భిన్నంగా ఇక్కడ తల్లి పుట్టింటి గోత్రమే కొడుకు పేరులోకి వచ్చింది. సింహాసనం మాత్రం తండ్రి వరుసలోనే సాగింది కాబట్టి దీనిని మాతృస్వామ్యంగా భావించడం సరికాదు. అనేకమంది భార్యలుండే రాజకుటుంబంలో ఏ రాణి కొడుకు ఎవరో తెలియడానికి ఇది అక్కరకు వచ్చి ఉంటుందని ఒక వివరణ.

నాసిక్ దగ్గరి త్రిరశ్మి కొండ మీద ఉన్న బౌద్ధ గుహల్లో ఒకదానిని గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీ భిక్షువులకు దానం చేసింది. వాసిష్ఠీపుత్ర పులుమావి పరిపాలన 19వ ఏట చెక్కిన ఆ దానశాసనంలో ఆమె తనను మహారాజుకు తల్లిగా, మహారాజుకు నాయనమ్మగా చెప్పుకొన్నది. శాతకర్ణి విజయాలను గురించి, అతని ఏలుబడిలోని ప్రాంతాలను గురించి చరిత్రకారులకు తెలిసిన విషయాల్లో చాలా భాగం ఈ ఒక్క శాసనం నుంచి వచ్చినదే. కొడుకు కీర్తిని మనుమడి కాలంలో రాయి మీద నిలిపినది ఆ నాయనమ్మ అన్నమాట.

క్రీస్తుశకం 3వ శతాబ్దంలో కృష్ణాతీరాన విజయపురి రాజధానిగా పాలించిన ఇక్ష్వాకుల వంశక్రమంలో మరో ఆచారం స్పష్టంగా కనిపిస్తుంది. వంశ స్థాపకుడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, అతని కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, మనుమడు వాసిష్ఠీపుత్ర ఎహువుల చాంతమూలుడు, ఆ తరువాతివాడు రుళపురుషదత్తుడు. తాత పేరు మనుమడికి పెట్టడమనే ఆచారం తెలుగు నేల మీద కనీసం పదిహేడు వందల ఏళ్ల నాటిదని ఈ వరుస చెబుతున్నది. వీరపురుషదత్తుడి రాణుల్లో బాపిసిరి, ఛఠిసిరి అనే ఇద్దరు అతని మేనత్త హమ్మసిరి కూతుళ్లు. మరో మేనత్త చాంతిసిరి నాగార్జునకొండ మహాచైత్య నిర్మాణానికి ప్రధాన దాత. ఆ రాజవంశపు స్త్రీలు తమ దానశాసనాల్లో తాము ఎవరి కూతురో, ఎవరి తోబుట్టువో, ఎవరి భార్యో వివరంగా చెప్పుకొన్నందువల్లనే వారి పుట్టినిల్లూ మెట్టినిల్లూ రెండూ నేటి పాఠకుడికి తెలుస్తున్నాయి.

కాకతీయుల కాలానికి వచ్చేసరికి అమ్మమ్మ నుంచి కూతురి కొడుక్కు రాజ్యమే సంక్రమించింది. కొడుకులు లేని రుద్రమదేవి తరువాత 1289లో ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుడు సింహాసనం ఎక్కాడు. వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడికి పెదతండ్రి. ఆ రుద్ర నామం మొదట రుద్రమకు, ఆమె నుంచి మనుమడికి వచ్చింది. మగవారి వరుస తెగినచోట స్త్రీల వరుస మీదుగా వంశనామం ముందుకు సాగిన సందర్భం అది.

నాయనమ్మ పేరు, నోటితో పలకని పేరు

సామాన్య కుటుంబాల్లో కూడా తొలి మగబిడ్డకు తండ్రి తండ్రి పేరు, తొలి ఆడబిడ్డకు నాయనమ్మ పేరు పెట్టి, ఆ తరువాతి బిడ్డలకు తల్లి వైపు పెద్దల పేర్లు పెట్టడం చాలాచోట్ల వాడుక. పెద్దలు గతించి ఉంటే వారి స్మృతికి, బతికి ఉంటే వారి మీది గౌరవానికి ఆ పేరు గుర్తు. ఈ ఆచారం వల్ల కుటుంబంలో ఒక తరాన్ని దాటి మరో తరంలో అవే పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఇంటిపేరు లేని పాత దస్తావేజుల్లో ఎవరు ఎవరి సంతానమో నిర్ణయించడానికి పరిశోధకులకు ఇది ఒక ఆధారమైంది.

నాయనమ్మ పేరు పెట్టిన ఇంట్లో ఒక చిక్కు వచ్చేది. కోడలు అత్తమామల పేర్లు నోటితో పలకరాదన్న కట్టుబాటు ఉన్న రోజుల్లో, అత్తగారి పేరు పెట్టుకున్న కన్నకూతురిని తల్లి ఆ పేరుతో పిలవలేకపోయేది. అందుకే ఆ బిడ్డ ఇంట్లో అమ్మలు, అమ్మడు, బుజ్జి, చిన్ని వంటి పేర్లతో పెరిగేది. తాత పేరున్న మగబిడ్డను ‘నాన్నా’ అని పిలిచేవారు. బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉండటం వెనుక ముద్దు ఒక్కటే కాక ఈ మర్యాద కూడా ఉన్నది. నాయనమ్మను పిలిచే తీరు సైతం ప్రాంతాన్ని బట్టి మారుతుంది: ఉత్తర తెలంగాణలో బాపమ్మ, రాయలసీమలో జేజి, అవ్వ, కోస్తాలో మామ్మ, బామ్మ అన్న పిలుపులు వినిపిస్తాయి. అమ్మమ్మ అన్న పిలుపు మాత్రం దాదాపు అన్ని ప్రాంతాల్లోనూ ఒక్కటే.

1970ల తరువాత చదువుకున్న కుటుంబాల్లో పెద్దల పేరును రెండో పేరుగా పెట్టి కొత్త పేరుతో పిలవడం పెరిగింది. పేరు పెట్టడంలో తల్లిదండ్రుల ఇష్టానికి ఈ మార్పు వల్ల స్వేచ్ఛ దొరికింది గాని, సుబ్బమ్మ, వెంకమ్మ, రామలక్ష్మి వంటి పేర్లతో పాటు ఆ పేర్లు మోసుకొచ్చిన కుటుంబ జ్ఞాపకం కూడా మరుగునపడుతున్నది.

అమ్మమ్మే అత్తగారైన ఇళ్లు

నాయనమ్మ, అమ్మమ్మల వరుసను కలిపి ఉంచిన వాటిలో అత్యంత బలమైనది మేనరికం, అంటే మేనమామ లేదా మేనత్త సంతానంతో పెళ్లి. అమెరికా మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో ప్రచురించిన బృహద్గ్రంథంలో తెలుగు, తమిళ, కన్నడ భాషల బంధుత్వ పదాలను చేర్చి, వాటి అమరిక యూరప్ భాషలకు భిన్నమైనదని గుర్తించాడు. థామస్ ట్రౌట్‌మన్ 1981లో ద్రావిడ బంధుత్వం మీద రాసిన గ్రంథం ఆ అమరికకు మేనరికమే మూలసూత్రమని సమగ్రంగా వివరించింది. తండ్రి అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్నలై తండ్రితో సమానమవుతారు, వారి పిల్లలు తోబుట్టువులవుతారు. తల్లి సోదరుడు మాత్రం మామ అవుతాడు, అతని పిల్లలు పెళ్లికి వరసైనవారవుతారు.

ఈ పెళ్లిళ్లలో నాయనమ్మ, అమ్మమ్మల స్థానాన్ని పరిశీలిస్తే వాటి లక్ష్యం అర్థమవుతుంది. మేనమామ కూతురిని చేసుకున్న వరుడి అమ్మమ్మ వధువుకు నాయనమ్మ అవుతుంది. మేనత్త కూతురిని చేసుకుంటే వరుడి నాయనమ్మ వధువుకు అమ్మమ్మ అవుతుంది. అక్క కూతురిని చేసుకుంటే వధువు అమ్మమ్మే ఆమెకు అత్తగారవుతుంది. మేనమామ కూతురు కోడలుగా వచ్చిన ఇంట్లో అత్తాకోడళ్లిద్దరి పుట్టిల్లూ ఒకటే కాబట్టి, పెళ్లితో ఒకసారి ఆ ఇంటి నుంచి వెళ్లిపోయిన స్త్రీ బంధం మరుసటి తరంలో తిరిగి అతుక్కుంటుంది. పసుపు కుంకుమ కింద ఆడపిల్లకు ఇచ్చిన పొలం, బంగారం కూడా ఆ రెండిళ్ల మధ్యనే తిరుగుతాయి. ఆర్యవైశ్యుల్లో ఒకనాడు మేనరికం హక్కుగా, విధిగా పాటింపులో ఉన్నదని థర్‌స్టన్ నమోదు చేశాడు.

ఆ కట్టుబాటుకు మూల్యం లేకపోలేదు. మేనత్త మేనమామ పిల్లలైన ఇద్దరి జన్యువుల్లో సగటున 8వ వంతు ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవై ఉంటాయి. మేనమామ, మేనకోడళ్ల విషయంలో అది 4వ వంతు. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపభూయిష్ట జన్యువు బిడ్డకు అందే అవకాశం ఆ మేరకు పెరుగుతుంది కాబట్టి వైద్యులు ఇటువంటి సంబంధాలను ప్రోత్సహించరు. పైగా మేనరికం పేరిట ఆడపిల్ల ఇష్టాయిష్టాలతో పని లేకుండా చిన్ననాడే పెళ్లి నిశ్చయమైపోయేది. చదువులు, ఉద్యోగాలు, ఆరోగ్య స్పృహ పెరిగిన కొద్దీ ఈ పెళ్లిళ్లు తగ్గుతూ వచ్చాయి. అది మేలైన మార్పే. ఆ మార్పుతో పాటు రెండు కుటుంబాల నాయనమ్మలు, అమ్మమ్మలు ఒకే బంధువర్గంలో ఉండే స్థితి కూడా పోయింది.

తొలి కాన్పు, తల్లి వరుస

బిడ్డకు ఇంటిపేరు తండ్రి నుంచి వచ్చినా, తొలి కాన్పుకు కూతురిని పుట్టింటికి తీసుకురావడం తెలుగునాట ఇప్పటికీ బలంగా ఉన్న ఆచారం. పురుడు పోయించడం, బాలింతకు పథ్యం పెట్టడం, పసిబిడ్డకు నలుగుపెట్టి నీళ్లుపోయడం అమ్మమ్మ బాధ్యతలు. బారసాల నాడో, తెలంగాణలో తొట్టెల వేసిన నాడో తండ్రి వైపువారు వచ్చి చూసేనాటికి ఆ బిడ్డ అమ్మమ్మ చేతుల్లో కొన్ని వారాలు పెరిగి ఉంటుంది.

ఈ బాధ్యతకు జీవశాస్త్రం వైపు నుంచి కూడా ఆసక్తికరమైన సమర్థన ఉన్నది. చాలా జంతుజాతుల్లో ఆడజీవి సంతానశక్తి ఉడిగాక ఎక్కువ కాలం బతకదు. మనిషిలో మాత్రం స్త్రీ ముట్లుడిగిన తరువాత కూడా దశాబ్దాలపాటు జీవిస్తుంది. టాంజానియాలో వేట మీద, దుంపల సేకరణ మీద ఆధారపడి బతికే హడ్జా ప్రజలను పరిశీలించిన క్రిస్టెన్ హాక్స్, ఆమె సహపరిశోధకులు వృద్ధ స్త్రీలు తవ్వితెచ్చే ఆహారం మనవల పోషణకు కీలకమని గమనించి, ఆ తోడ్పాటే మానవ స్త్రీ దీర్ఘాయువుకు కారణమై ఉండవచ్చునని ప్రతిపాదించారు. ఫిన్లండ్, కెనడా దేశాల పాత చర్చి రికార్డుల ఆధారంగా 2004లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం, 50 ఏళ్లు దాటాక స్త్రీ బతికిన ప్రతి 10 సంవత్సరాలకూ ఆమెకు సగటున ఇద్దరు మనవలు ఎక్కువగా ఉన్నట్లు చూపింది.

ఇంటిపేరుకు పోలికైనది దేహంలోనే ఒకటున్నది. తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే సంక్రమించే వై క్రోమోజోము ఇంటిపేరు నడిచే దారిలోనే నడుస్తుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ తల్లి నుంచి మాత్రమే బిడ్డలకు వస్తుంది, అంటే అది అమ్మమ్మ నుంచి, ఆమె తల్లి నుంచి, ఆమె అమ్మమ్మ నుంచి వచ్చినది. ఈ వరుసకు ఏ ఇంటిపేరూ లేదు గాని ఇంటిపేరును తిరిగి తెచ్చిపెట్టిన ఘనత దానికున్నది. 1976 నుంచి 1983 దాకా సాగిన సైనిక పాలనలో అర్జెంటీనాలో నిర్బంధితులైన తల్లుల నుంచి పసిపిల్లలను లాక్కుని వేరే కుటుంబాలకు వేరే పేర్లతో అప్పగించారు. ఆ పిల్లల కోసం వెతుకుతూ 1977లో సంఘంగా ఏర్పడిన నాయనమ్మలు, అమ్మమ్మలు, మధ్యతరం లేకపోయినా మనవల రక్తసంబంధాన్ని రుజువు చేసే పద్ధతి కావాలని శాస్త్రవేత్తలను కోరారు. అమెరికా జన్యుశాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ మైటోకాండ్రియా డీఎన్ఏ సాయంతో అటువంటి పద్ధతిని రూపొందించింది. 130 మందికి పైగా మనవలు తమ అసలు కుటుంబం ఏదో తెలుసుకోగలిగారు.

తర్పణంలో మూడు తరాలు

హిందూ పితృకర్మలో తరాల బంధానికి ఒక కొలత ఉన్నది. తర్పణం విడిచేవాడు తండ్రి, తాత, ముత్తాతలనే కాక తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారిని, ఆ తరువాత తల్లి వైపున మాతామహ వర్గాన్ని, అంటే అమ్మమ్మ, తాతలతో మొదలయ్యే మూడు తరాలను కూడా గోత్రనామాలతో తలచుకుంటాడు. ఈ మూడు తరాలూ వసు, రుద్ర, ఆదిత్య రూపాల్లో ఉంటాయని శాస్త్రం. గమనించవలసిన సంగతి ఏమిటంటే తర్పణంలో ఇంటిపేరు ప్రసక్తి రాదు, గోత్రమూ సొంతపేరూ మాత్రమే వస్తాయి. ముత్తవ్వల పేర్లు కొన్ని కుటుంబాల్లో ఈనాటికీ తెలుస్తున్నాయంటే తద్దినం పెట్టేవారు వాటిని కంఠస్థం చేయవలసి రావడమే కారణం.

తెలంగాణలో భాద్రపద అమావాస్యను పెత్రమాస అంటారు. ఆ రోజు చనిపోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు దానమిచ్చే ఆచారం అనేక కులాల్లో ఉన్నది. ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యేది కూడా ఆ రోజే. పోయిన పెద్దల తలపు, పండుగకు పుట్టింటికి వచ్చే ఆడపిల్లల ఆట ఆ విధంగా ఒకే నాటికి కుదిరాయి.

చట్టం, దరఖాస్తు, కొత్త పేర్లు

ఆచారం స్త్రీల వరుసకు ఇచ్చిన గుర్తింపును చట్టం కొంత ఆలస్యంగా ఇచ్చింది. కొడుకులు లేని ఇంట అల్లుడిని కొడుకుతో సమానంగా నిలిపే ఇల్లటం ఆచారాన్ని మద్రాసు రాజధానిలోని న్యాయస్థానాలు రెడ్డి, కమ్మ కులాల విషయంలో గుర్తించాయి. ఇల్లటపు అల్లుడికి మామగారి ఆస్తిలో వాటా వచ్చినా పుట్టింటి హక్కు పోలేదు కాబట్టి దత్తతకూ దీనికీ తేడా ఉన్నది. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చి, ఆనాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ, పెళ్లయిన కూతుళ్లకు కూడా వర్తించే కేంద్ర సవరణ 2005 సెప్టెంబరు 9న వచ్చింది. పెళ్లితో ఇంటిపేరు మారినా పుట్టింటి ఆస్తిలో హక్కు మారదన్న సూత్రం దీనితో స్థిరపడింది.

బిడ్డ ఇంటిపేరు ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్న ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక స్త్రీ తన బిడ్డకు రెండో భర్త ఇంటిపేరు పెట్టగా, బిడ్డ నాయనమ్మ, తాతలు సంరక్షణ కోసం వేసిన వ్యాజ్యంలో హైకోర్టు కన్నతండ్రి ఇంటిపేరునే పునరుద్ధరించాలని ఆదేశించింది. 2022 జూలైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసి, తండ్రి లేని బిడ్డకు తల్లే సహజ సంరక్షకురాలు కాబట్టి ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదేనని చెప్పింది. వంశం పేరు నిలవాలని కోరిన నాయనమ్మ వేదన ఎటువంటిదో ఊహించుకోవచ్చు. కొత్త ఇంట్లో బిడ్డ పరాయివాడు కాకూడదన్న తల్లి ఆలోచన వైపే న్యాయస్థానం మొగ్గింది.

వలస వెళ్లినవారి విషయంలో ఇంటిపేరు ఎంత సులభంగా చెదిరిపోతుందో మారిషస్ చెబుతుంది. 19వ శతాబ్దంలో కోరంగి వంటి రేవుల నుంచి చెరకు తోటలకు కూలికి వెళ్లిన తెలుగువారి సొంతపేర్లే అక్కడి రిజిస్టర్లలో మిగలగా, అప్పడు వంటి తాత పేర్లు తరువాతి తరాలకు కుటుంబనామాలయ్యాయి. ఈనాడు అమెరికాలో స్థిరపడుతున్నవారి ఇంటిపేర్లు దరఖాస్తుల్లో చివరికి జరిగాయి గాని పోలేదు. అక్కడ పుట్టిన పిల్లల్లో కొందరికి తల్లిదండ్రులిద్దరి ఇంటిపేర్లూ కలిపి పెడుతున్నారు. పెళ్లయ్యాక పుట్టింటి పేరునే ఉంచుకునే స్త్రీలు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎక్కువవుతున్నారు. అయినా పుట్టింటి పేరు అనేది కూడా తండ్రి నుంచి వచ్చినదే కాబట్టి ఒక తరం పైకి వెళ్లేసరికి అమ్మమ్మ వరుస మళ్లీ కనబడకుండా పోతుంది. ఈ లోపాన్ని ఇంటిపేరు మార్పు ఒక్కటే సరిచేయలేదు.

ప్రతి మనిషికీ తల్లిదండ్రులు ఇద్దరు, నాయనమ్మ, అమ్మమ్మ, తాతలు కలిసి నలుగురు, వారి తల్లిదండ్రులు ఎనిమిది మంది. మేనరికమైతే ఆ ఎనిమిది ఆరుకు తగ్గవచ్చు. ఎనిమిది మందీ వేర్వేరు ఇళ్లలో పుట్టినవారైతే ఎనిమిది ఇంటిపేర్లుంటాయి, వాటిలో ఒక్కటే మునిమనుమడి పేరులో నిలుస్తుంది. పూర్వం భట్రాజులూ, ఇప్పుడు తమను వంశరాజులుగా పిలుచుకునే పిచ్చిగుంట్లవారూ కుటుంబాల గోత్రాలను, వంశక్రమాలను నోటితో చెప్పి నిలిపారు. వారు చెప్పినది కూడా ముఖ్యంగా మగవారి వరుసే. అచ్చులో వస్తున్న వంశవృక్షాల్లో చాలావాటిలో కోడళ్ల పేరు భర్త పేరు పక్కన మాత్రమే కనిపిస్తుంది, ఆమె ఎవరి కూతురో, ఏ ఊరి నుంచి వచ్చిందో ఉండదు. ఆ ఇంటి కూతుళ్ల సంతానం అసలే ఉండదు.

మేనరికం తగ్గి, పెద్దల పేర్లు పెట్టడం సన్నగిల్లి, తద్దినాల మంత్రం తెలిసినవారు తక్కువవుతున్న కాలంలో ఆ వివరాలను నిలిపే బాధ్యత రాతదే అవుతుంది. వంశవృక్షం రాసేవారు ప్రతి స్త్రీకీ సొంతపేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, తల్లి పేరు అనే నాలుగు వివరాలు చేర్చితే, ఇన్నాళ్లూ ఆచారాల మీద ఆధారపడిన రెండో వరుస ఏ ఆచారం అవసరమూ లేకుండా నిలుస్తుంది. ఆ నాలుగు వివరాలూ కచ్చితంగా చెప్పగలిగిన వ్యక్తి చాలా ఇళ్లలో నాయనమ్మో అమ్మమ్మో ఒక్కరే ఉంటారు కాబట్టి, ఆమె చెప్పగలిగిన రోజుల్లోనే ఆ రాత పని పూర్తి కావలసి ఉంటుంది.